పగడపు దిబ్బల సందర్శనము: పడవ నెన్నుకొను విధము

వానకొరకు ఆకాశమువంక చూచు గుమ్మఘట్ట సీమలో సముద్రమును గూర్చిన వ్యాసమేల అని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మన జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేదవతిపై భైరవానితిప్ప జలాశయమున్నను, అది నిండుట అరుదు. బావులెండిన ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఈత నేర్చుకొను అవకాశము తక్కువ. అట్టివారే పెద్దవారై, ఉద్యోగములు సంపాదించి, సెలవులలో అండమాన్ దీవులకు పోయి సముద్రములో మునుగ ముచ్చటపడుచున్నారు. నీటితో పరిచయము లేనివారికే పడవ నెన్నుకొను జ్ఞానము ఎక్కువ అవసరము.

పగడపు దిబ్బలు

తెలుగులో పగడమనియు, ఉర్దూలో మూంగా అనియు పిలువబడునది రాయి కాదు. అతిసూక్ష్మమైన ప్రాణులు తమ చుట్టును కట్టుకొనిన సున్నపు గూడు. గుండ్రాతివలె పెరుగు జాతులు ఏటికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. మన దేశమున ఇట్టి దిబ్బలు అండమాన్ నికోబార్ దీవులలోను, లక్షద్వీపములలోను, మన్నారు, కచ్ సింధుశాఖలలోను కలవు. 2018లో స్వరాజ్ ద్వీపముగా పేరు మారిన హేవ్‌లాక్ దీవి ఈ విహారమునకు ప్రసిద్ధి.

నీటి అడుగున శరీరస్థితి

గాలి సిలిండరు ధరించి మునుగు పద్ధతిని స్కూబా అందురు. 1943లో ఫ్రాన్సు దేశీయులగు కూస్తో, గాన్యాఁ అనువారు కనిపెట్టిన శ్వాసయంత్రము దీనికి మార్గము చూపినది. నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనము అధికమగును. కనుక 10 మీటర్ల లోతున ఊపిరితిత్తులు నిండ పీల్చిన గాలి, పైకి వచ్చునప్పటికి రెట్టింపగును. ఊపిరి బిగబట్టి పైకి లేచినచో ఊపిరితిత్తులు చిట్లును. మరియొక అపాయము నత్రజనివలన కలుగును. లోతున అది రక్తములో కరగును. గోలీసోడా మూత తీయగానే బుడగలు పొంగినట్లు, వేగముగా పైకి వచ్చినవాని దేహములో నత్రజని బుడగలు కట్టును. పలుమారులు మునిగినవారు 18 గంటలు గడువక విమానమెక్కరాదను నియమమునకు కారణమిదియే. తిరుగు ప్రయాణపు టికెట్టు కొనునప్పుడే దీనిని గుర్తుంచుకొనవలెను.

పడవ నెక్కకముందు

చిన్న పడవలో మనుష్యులు తక్కువగుటచే శిక్షకుని శ్రద్ధ ఎక్కువగా లభించును. కాని అదనపు సామగ్రికి చోటు తక్కువ, అలలకు ఊగుట ఎక్కువ. కావున ధరను, రంగుల బొమ్మలను చూచి తొందరపడక కొన్ని ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: వారు మనలను ఏమి అడుగుచున్నారు? ఈత వచ్చునా, ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు కలవా అని విచారించి, ఆరోగ్యపత్రము వ్రాయించుకొనువారు నమ్మదగినవారు. డబ్బు మాత్రమే అడుగువారిని విడువవలెను.

రెండవది: శిక్షకుని యోగ్యతాపత్రమేది? ఒక్కొక్కరు ఎందరిని దింపుదురు? శిక్షణ లేనివారిని 12 మీటర్లకు మించి దింపరాదని శిక్షణసంస్థల నియమము.

మూడవది: అందరు మునిగియుండగా పడవలో కాపలాయుండువాడెవడు? ప్రాణవాయువు సిలిండరు, రేడియో, ప్రథమచికిత్సపెట్టె, ప్రతివానికి లైఫ్ జాకెట్టు కలవా? వానిని కన్నులార చూడవలెను.

నాలుగవది: లంగరును పగడములపై వేయుదురా, లేక ముందే అమర్చిన తేలుబుర్రకు పడవను కట్టుదురా? ఎన్నో ఏండ్లకు పెరిగిన దిబ్బ ఒక్క లంగరు దెబ్బతో విరుగును. దిబ్బను కాపాడని వానికి మనుష్యుని కాపాడు ఓర్పు ఉండునా?

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: మనుష్యులను లెక్కించు పద్ధతి. 1998 జనవరి 25న ఆస్ట్రేలియా పగడపు దిబ్బలయొద్ద ఒక పడవ, నీటిలోనున్న దంపతులను మరచి ఒడ్డునకు పోయినది. రెండు దినముల తరువాతగాని వారు లేరను సంగతి తెలియలేదు. ఎంత వెదకినను వారు దొరకలేదు. యంత్రము చెడలేదు, తుఫాను రాలేదు, లెక్క తప్పినది. పేరుపేరున పిలిచి, పట్టికలో గుర్తుపెట్టి, అందరు ఎక్కిన పిదపనే కదలు పడవయే మంచి పడవ.

మన జిల్లా అనుభవము

ఇది సముద్రమునకే పరిమితమైన పాఠము కాదు. 2017 ఏప్రిల్ 28న మన జిల్లాలోనే, గుంతకల్లు ప్రాంతమున వై.టి. చెరువులో విహారమునకు పోయిన చిన్న పడవ తిరగబడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో పసిపిల్లలును కలరు. పడవ మోయగల బరువెంత, ఎక్కినవారెందరు అను లెక్క చెరువునకును ఒకటే, సముద్రమునకును ఒకటే.

ముగింపు

విద్యార్థులారా! స్నేహితుల నడుమ "నాకు ఈత రాదు" అని చెప్పుటకు మనము సిగ్గుపడుదుము. ఆ సిగ్గు ప్రాణాంతకము. కరువునేలలో పుట్టుట మన తప్పు కాదు. తెలియనిదానిని దాచుట తప్పు. ఆ మాట ధైర్యముగా చెప్పి చూడుడు. విని నవ్వువాని పడవను విడువుడు. విని, ఆగి, లోతులేని చోట మొదట అభ్యాసము చేయించువాని పడవను ఎక్కుడు. ఆ దినము అలలు పెద్దవైనచో, డబ్బు పోయినను ఒడ్డుననే నిలిచిపొండు. పగడములు రేపును ఉండును. వానిని చూచుటకు మనమును ఉండవలెను గదా!