విడిదిలో వాద్యం

విద్యార్థి మిత్రులకు గాని, కళాశాల పాలకవర్గ సభ్యులకు గాని ఈ విషయం మొదట చిన్నదిగా తోచవచ్చును. రాగతాళాలను గురించి మనం సభలలో ఎంతో చర్చిస్తాము. కాని కళాకారుడు ఇల్లు విడిచి పరాయి ఊరిలో రాత్రి గడపవలసి వచ్చినప్పుడు తన వాద్యాన్ని ఎక్కడ పెట్టుకొంటాడు, ఏ విధంగా కాపాడుకొంటాడు అన్న ప్రశ్న ఆ చర్చలలోనికి రాదు. పెండ్లివారు భోజనం, బస, తాంబూలం, సంభావన లెక్క చూచుకొంటారు. వాద్యానికి ఒక చోటు కావలెనన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ వాద్యమే ఒక కుటుంబానికి ఏడాది తిండి అయినప్పుడు దీనిని చిన్న విషయమని తీసివేయడానికి వీలులేదు.

ఉర్దూలో వాద్యాన్ని ‘సాజ్’ అంటారు. పక్కవాద్యం వాయించువాడు ‘సాజిందా’. ‘సాజ్-ఓ-సామాన్’ అన్న పలుకుబడికి మాత్రం సామగ్రి అంతా అని అర్థం. అంటే పరికరమూ, ప్రయాణపు మూటాముల్లే కూడా ఒకే మాటలో ఇమిడిపోయినవి. భాషకు ఇది అందమే. అయితే బస్సు కండక్టరు కూడా ఇదే అర్థాన్ని పాటించి వీణను బియ్యపు బస్తా పక్కన పడవేయించినప్పుడు మాత్రం ఆ అందం మనకు రుచించదు.

మన కోనసీమ నీటి నడుమ వెలసిన భూమి. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు చుట్టుకొని ఉండగా దక్షిణాన బంగాళాఖాతం కలదు. కొబ్బరికి, అరటికి ప్రాణం పోసే ఈ తేమ కర్రకు, తోలుకు, ఉక్కు తీగకు మేలు చేయదు. ఎదుర్లంక, చించినాడ, బోడసకుర్రు వంటి చోట్ల వారధులు లేని రోజులలో మేళగాండ్రు డోళ్లను నెత్తిన పెట్టుకొని పంటి మీద రేవులు దాటేవారు. మకర సంక్రాంతి మరునాడు కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, ఆ వెంటనే వచ్చే పెండ్లి ముహూర్తాలకు వాద్యకారులు ఒక ఊరినుండి మరొక ఊరికి పోతూనే ఉంటారు. వారికి ఇంటి గోడకంటె విడిది గోడే ఎక్కువ పరిచయం.

సన్నాయి మేళంతోనే ప్రారంభిస్తాను. ఆంధ్రదేశంలో ఈ విద్యను నాయీ బ్రాహ్మణ కుటుంబాలతోపాటు గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ముస్లిం కుటుంబాలు కూడా తరతరాలుగా పోషించినవి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు నాదస్వరంతో శ్రీరంగం చేరి అక్కడనే స్థిరపడినారు. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదం లభించినవి. ఇంతటి గౌరవాన్ని మోసిన ఆ వాద్యంలో అతి సున్నితమైన భాగం ఏదని అడిగితే, అది బారెడు పొడవున్న కర్ర కాదు. దాని కొనన ఉండే వేలెడైనా లేని పీక. రెల్లుజాతి కాడతో చేసిన ఆ పీక పదునుకు రావడానికి చాల ఓపిక కావలెను. కచేరీ ముగిసిన తరువాత అది నోటి తడితో నిండి ఉంటుంది. తడిగానే డబ్బాలో పెట్టి మూత బిగించినచో బూజు పడుతుంది. తొందరపడి ఎండలో పెట్టినచో నెర్రె విచ్చుతుంది. మెత్తని గుడ్డతో అద్ది, నీడలో గాలి తగులునట్లు కొంతసేపు ఉంచి, ఆ తరువాత గాలి సోకే చిన్న పెట్టెలో భద్రపరచవలెను. అనుభవజ్ఞులు అదనపు పీకలను వాద్యానికే దారంతో కట్టి వేలాడదీయడం మీరు చూచియే ఉంటారు. అది అలంకారం కాదు. ముహూర్తం వేళకు ఒకటి విరిగినచో రెండవది చేతికి అందడానికి చేసుకొన్న ఏర్పాటు.

పెండ్లి విడిదిలో సన్నాయికి ముఖ్యమైన శత్రువులు ఇద్దరు: చిన్నపిల్లలు, పందిరిలోని కుర్చీలు. కుర్చీ మీద పెట్టిన వాద్యం మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. గోడకు నిలబెట్టినది జారిపడుతుంది. గుడ్డసంచిలో చుట్టి గదిలో ఎత్తైన చోట అడ్డంగా పడుకోబెట్టడమే దీనికి మందు. ఈ మాట చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు గాని, ఆ గది ఇవ్వడానికి గృహస్థుకు తలంపు రావలెను.

వీణ సంగతి వేరు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనసకర్రతో, ఒకే దుంగను తొలిచి వీణలు చేయడం ప్రసిద్ధం. పనసకర్రను చెదపురుగు సాధారణంగా ముట్టదు. అందుచేత వీణకు పురుగు భయం లేదని కొందరు అనుకొంటారు. కర్రకు భయం తక్కువే. అసలు భయం మైనానికి. 24 మెట్లూ నిలిచి ఉండేది నల్లని మైనపు పట్టెల మీద. శ్రుతికి సరిపోవునట్లు ఒక్కొక్క మెట్టును సవరించి మైనంలో కూర్చుట నిపుణుని పని. మధ్యాహ్నం వేళ అద్దాలు మూసిన కారులో వీణను వదలి భోజనానికి వెళ్లినచో, తిరిగి వచ్చేసరికి మైనం మెత్తబడి మెట్లు ఒరిగి ఉంటాయి. చూపుకు వీణ వీణలాగే ఉంటుంది. మీటినప్పుడు గాని తెలియదు. ఆ సాయంకాలం కచేరీ ఉన్నదంటే ఇక చెప్పనక్కరలేదు. మెట్లను తిరిగి కూర్చగలవాడు ప్రతి ఊరిలోనూ దొరకడు.

గోదావరి సీమ వీణకు కొత్తది కాదు. ద్రాక్షారామంలో 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రి గారు, కాకినాడలో 1936లో జన్మించిన వారి శిష్యులు చిట్టిబాబు గారు ఈ తేమ నేలనుండే బయలుదేరి వీణానాదాన్ని దూరదేశాలకు వినిపించినారు. అంతంత ప్రయాణాలలో వీణను ఎట్లా తీసుకొనిపోతారని విద్యార్థులు అడుగుతుంటారు. దండి చివరన ఉండే బుర్ర మరతో అమర్చినదైతే దానిని విప్పి వేరుగా గుడ్డలో చుట్టుతారు. తీగలను కొద్దిగా వదులు చేస్తారు, పూర్తిగా విప్పరు. యాళి ముఖం, బిరడలు తగిలించుకొనకుండా మెత్తలు అడ్డుపెట్టి గట్టి పెట్టెలో ఉంచుతారు. ఇక్కడి గాలికి అలవాటుపడిన కర్రను ఒక్కసారిగా శీతలీకరించిన రైలుపెట్టెలోనికి, అక్కడినుండి హైదరాబాదు పొడిగాలిలోనికి తీసుకొనిపోయినచో అది కుంచించుకొంటుంది, అతుకులు పలుకుతాయి. పెట్టె చేరిన వెంటనే మూత తెరవక, ఒకటి రెండు గంటలు అట్లే ఉంచి, ఆ ఊరి గాలికి మెల్లగా అలవాటు చేయడం మంచిది. ఫిడేలుకు కూడ ఇదే న్యాయం. పైగా దాని కడుపులో అతుకు లేకుండ కేవలం బిగువు మీద నిలిచిన చిన్న నిలువుకర్ర ఒకటి కలదు. ప్రయాణమని నాలుగు తీగలూ ఒకేసారి వదలివేసినచో అది పడిపోవచ్చును. పడినచో ఫిడేలు గొంతు మూగవోతుంది. కమాను వెంట్రుకలను మాత్రం తప్పక వదులు చేయవలెను.

మృదంగం వాయించే మిత్రులకు ఒక మాట. ఎడమవైపు తొప్పికి కచేరీకి ముందు అద్దే రవ్వముద్దను కచేరీ అయిన వెంటనే గీకి తుడిచివేయాలని గురువులు చెబుతారు. నాదం కొరకు మాత్రమే అనుకొంటారు. పరాయి ఊరి సత్రంలో అయితే అది ఎలుకకు, బొద్దింకకు విందు పిలుపు కూడ. రవ్వ కొరకు వచ్చిన ఎలుక తోలుతో ఆగునన్న హామీ లేదు. వానాకాలంలో తోలు తేమ పీల్చి శ్రుతి దిగిపోతే కొందరు పొయ్యి దగ్గర, ఎండలో పెట్టి బిగువు తెప్పిస్తారు. ఆ క్షణానికి పని జరుగుతుంది, తోలు ఆయువు తగ్గుతుంది. హార్మోనియం కథ కూడ ఇంతే. దాని తిత్తికి వాడిన తోలు, గుడ్డ, జిగురు పురుగుకు ఇష్టం; తేమకు మెట్లు ఉబ్బి నొక్కినవి నొక్కినట్లే ఉండిపోతాయి. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజాలవారు పిల్లాపాపలతో ఊరూరా డేరాలు వేసుకొని నాటకాలాడినారు. అటువంటి జీవనంలో రాత్రి ఆట ముగిసిన తరువాత హార్మోనియం తిత్తి మూసి, బిరడాలు లోనికి నొక్కి, నేలకు తగలకుండా బల్లపై ఉంచి గుడ్డ కప్పడం నిత్యకృత్యాలలో ఒకటిగా ఉండక తప్పదు.

తేమను, ఎలుకను గురించి ఇంత చెప్పినాను. మనిషిని గురించి చెప్పకపోతే పాఠం అసంపూర్ణం. వాద్యం పోయిన సందర్భాలలో ఎక్కువ దుఃఖం కలిగించినది ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ షెహనాయీల కథ. ఆ మహానుభావుడు 2006 ఆగస్టులో కన్నుమూసినారు. పది సంవత్సరాల తరువాత, 2016 డిసెంబరులో, వారణాసిలో కుటుంబంవారు ఇంట లేని సమయాన ఆయన షెహనాయీలు దొంగిలింపబడినవి. వాటిలో వెండివి ఉన్నవి. 2017 జనవరిలో పోలీసులు ఆచూకీ తీసేసరికి వెండి కరిగి ముద్ద అయినది. దొంగకు కావలసినది నాదం కాదు, తూకం. ఇక్కడ వాద్యం కళాకారుని వెంట లేదు. అది ఇంటిలో ఉండగా ఇంటివారే బయట ఉన్నారు. ఇల్లు విడిచి ఉండుట అనే మాటకు ఈ రెండవ అర్థం కూడ ఉన్నదని మరువరాదు. న్యూయార్కు నగరంలో 1995లో వృద్ధురాలైన ప్రసిద్ధ వయొలిన్ కళాకారిణి ఎరికా మొరీని ఆసుపత్రిలో ఉండగా ఆమె ఇంటనుండి 1727 నాటి స్ట్రాడివేరియస్ వయొలిన్ మాయమైనది. అది ఇంతవరకు దొరకలేదు.

అదే నగరంలో 1999లో యోయో మా అను చెల్లో విద్వాంసుడు 1733 నాటి తన వాద్యాన్ని టాక్సీ వెనుక పెట్టెలో మరచి దిగిపోయినాడు. అది ఆనాడే దొరికినది. కారణం దైవకృప మాత్రమే కాదు. ఆయన వద్ద టాక్సీ రశీదు ఉన్నది, దానిని బట్టి బండిని వెదకి పట్టుకొన్నారు. చిన్న కాగితం ముక్క ఎంత పని చేసినదో గమనించండి. మన వాద్యకారులలో ఎందరి వద్ద తమ వాద్యం ఫొటో ఉన్నది? చేసినవాని పేరు, కొన్న సంవత్సరం, కర్ర మీది మచ్చ, అతుకు గుర్తు రాసిన కాగితం ఎందరి వద్ద ఉన్నది? తాతగారి డోలు పోయినదని పోలీసు స్టేషనుకు వెళితే, అది తాతగారిదేనని చూపడానికి ఆధారమేదని అడుగుతారు. నేడు ప్రతివాని జేబులోనూ ఫొటో తీయగల ఫోను ఉన్నది. నాలుగు వైపులా నాలుగు ఫొటోలు తీసి ఇంటివారికి ఒక ప్రతి పంపి ఉంచడానికి అయిదు నిమిషాలు చాలు.

ఇక వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించినది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమలో ఇండ్ల కప్పులను, కొబ్బరితోటలను నేలకూల్చినది. 2022 జూలైలో లంక గ్రామాలు మరల మునిగినవి. ఇటువంటి వేళ ఇల్లు విడిచి శిబిరానికి పోవువారు పిల్లలను, పశువులను, బియ్యాన్ని చూచుకొంటారు, అది న్యాయం. వాద్యాన్ని మోయడానికి చేయి లేనప్పుడు దానిని అటక మీదికి చేర్చడం, పెట్టెను పాలితీను కాగితంతో చుట్టి కట్టడం మాత్రం ముందురోజే చేయదగిన పని. నీటిలో తడిసిన వీణను, మృదంగాన్ని తిరిగి వచ్చిన వెంటనే ఎండలో ఆరవేయరాదు. పైకర్ర ముందు ఆరి, లోపలికర్ర తడిగా ఉండి, రెండింటి నడుమ బీట పడుతుంది. తుడిచి, నీడలో, గాలిలో, రోజుల తరబడి ఆరనివ్వవలెను. బురదతోపాటు మైనం కొట్టుకొనిపోయినా కర్ర మిగిలినచో వీణ మిగిలినట్లే.

మన విద్యార్థులు యువజనోత్సవాలకు, అంతర్ కళాశాల పోటీలకు తబలా, హార్మోనియం తీసుకొనిపోవుట కలదు. రాత్రి పది మంది ఒక తరగతి గదిలో పడుకొన్నప్పుడు వాద్యాలన్నీ తలుపు పక్కన కుప్పగా ఉంటాయి. తబలాను దాని చుట్టలపైనే ఉంచి, తోలు మీద ఏ బరువూ పెట్టక, గది మూలన ఒకే చోట చేర్చి, ఇద్దరు విద్యార్థులు వంతులవారీగా బాధ్యత వహించినచో సరిపోతుంది. ఉదయం లేవగానే పళ్లు తోముటకు ముందు లెక్క చూచుకొనుడు.

పాలకవర్గం వారికి నా మనవి ఇది. వార్షికోత్సవానికి మనం పిలిచే కవ్వాలీ బృందంవారు గాని, సన్నాయి మేళంవారు గాని, బుర్రకథ దళంవారు గాని మధ్యాహ్నమే వచ్చి రాత్రి దాకా వేచి ఉంటారు. వారికి భోజనశాల పక్క వరండా చూపుతున్నాము. గ్రంథాలయం వెనుకనున్న చిన్నగది సంవత్సరంలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుంది. దానికి కిటికీ ఉన్నది, నేల ఎత్తుగా ఉన్నది, పైకప్పు కారదు. ఒక పొడవైన బల్ల, గోడకు నాలుగు వెడల్పైన కొయ్యలు, ఎలుకలు దూరకుండ తలుపు అడుగున ఒక రేకు, ఒక తాళం కావలెను. తాళంచెవి ఆ రోజుకు కళాకారుల చేతిలోనే ఉండవలెను. ఖర్చు ఎంతయ్యేదీ వడ్రంగిని అడిగి రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.