సుత్తి ఫ్లేంజికి ప్యాకింగు



నాయనా, నీ ఉత్తరము అందినది. గ్రాండు పియానోలో సుత్తులు పైకి లేచునపుడు ప్రక్కకు తొలగుచున్నవనియు, సుత్తి కాడను ఇరుసుపిన్నుతో పట్టి, రైలుకు మరతో బిగియు చిన్న చెక్కముక్కయగు ఫ్లేంజి క్రింద ప్యాకింగుగా ఏమి పెట్టిన మేలో తెలుపుమనియు అడిగితివి. మొదట మరలన్నియు బిగించి చూడుము. పొడిగాలికి చెక్క కుంచించుకొనుటచే వదులైన మరయు, పట్టు సడలిన ఇరుసుపిన్నును సుత్తిని దారి తప్పించుచునే యుండును. వానికి ప్యాకింగు కాగితము మందు కాదు. పిమ్మట సన్నని బద్దను అయిదారు కాడల క్రింద చేర్చి మెల్లగా ఎత్తినచో, సుత్తుల నడిమి సందు ఎచ్చట మారునో అచ్చటనే దోషమున్నదని తెలియును.

ఇరుసుపిన్ను కొన ఏ ప్రక్క పల్లమైనదో ఆ ప్రక్కకే సుత్తి ఒరగిపోవును గనుక, అది ఎటు పోవుచున్నదో అటువైపుననే ఫ్లేంజి అంచు క్రింద కాగితమును చేర్పవలెను. ఫ్లేంజి వెడల్పు ఒక సెంటీమీటరు మాత్రము, సుత్తి లేచు ఎత్తు సుమారు 45 మిల్లీమీటర్లు. కావున మిల్లీమీటరులో పదవవంతు మందము గల పేలిక సుత్తి దారిని దాదాపు అర మిల్లీమీటరు మార్చును. మూడు తీగలను ఒక్కుమ్మడి తాకవలసిన సుత్తికి అది స్వల్పము కాదు.

ఇక పదార్థముల మాట. నీటితో తడిపి అంటించు పలుచని జిగురు కాగితమునకు సాటివచ్చునది నాకు కానరాలేదు. ఆరినపిదప అది చెక్కతో ఏకమై, మర ఎంత బిగిసినను నలగక, కదలక నిలుచును. తపాలా బిళ్లల పలక అంచున మిగులు తెల్లని పట్టీ సయితము ఈ పనికి అక్కరకు వచ్చును. మా ఇంట దానిని ఎవరినీ పారవేయనీయను! సెల్లోటేపును, రంగులు వేయువారి మాస్కింగు టేపును మాత్రము దరిజేరనీయకుము. వాని బంక ఎన్నటికిని గట్టిపడదు. మర ఒత్తిడికిని, మన చెన్నపట్టణపు ఉక్కకును మెత్తబడి మెల్లమెల్లగా ప్రక్కకు జారును, నీవు సరిచేసిన దారియు దానితోడనే జారును. ఇటీవల ఒక వాద్యమును విప్పగా, పూర్వమెవరో అంటించిన టేపు బంక సాగి రైలును ఫ్లేంజిని పెనవేసికొని, మర తీసినను ఫ్లేంజి ఊడిరాకుండెను. అట్ట నలుగును. సన్నరకపు గరుకు కాగితము జారదన్నమాట నిజమే, దానిని మెచ్చుకొను పనివారును కలరు. కాని దాని రేణువులు చెక్కలో నాటుకొని, పిదప ఫ్లేంజిని కొంచెము త్రిప్పి సందులు సర్దుకొనుటకు అడ్డుపడును గనుక నాకది రుచింపదు.

పేలిక మర రంధ్రమునకు అడ్డురాకుండ కత్తిరించి, రైలుకు గాక ఫ్లేంజికే అంటింపుము. పాత ప్యాకింగు ఉన్నయెడల ముందు దానిని తీసివేసి, సుత్తి నడకను మరల చూచి, ఆపైన క్రొత్తది పెట్టుము. రెండు పొరలకు మించి కోరు ఫ్లేంజిని మార్చుటయే ఉత్తమము.

కాడలకు వేడిచూపి సుత్తుల వాలును దిద్దుట, తీగలకెదురుగా వానిని నిలుపుట ఇవి యన్నియు ప్యాకింగు ముగిసిన పిదపనే చేయవలెను. ఈ క్రమమును మాత్రము తప్పకుము.

ఇట్లు,
నీ మేనమామ