జీతం ఇవ్వవలసినది ఎవరు?



కోదాడ ప్రాంతంలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక యువకుడు నన్ను కలిశాడు. "ఫాదర్ గారూ, మూడు నెలలుగా సగం జీతమే వస్తోంది. ఆఫీసువారు కాంట్రాక్టరును అడగమంటారు, కాంట్రాక్టరు ఆఫీసును అడగమంటాడు. మానేద్దామంటే పాత బాకీ పోతుందేమోనని భయం. ఇంతకీ నేను ఎవరి దగ్గర పనిచేస్తున్నట్టు?" అన్నాడు. ప్రార్థించుకో నాయనా అని పంపివేశాను. ఆ రాత్రి నాకు సిగ్గు వేసింది.

ఈ ప్రశ్న మన ప్రాంతంలో చాలామందిది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పంట దిగినప్పుడు రాత్రింబగళ్ళు పని, తరువాత ఎదురుచూపులు. వాడపల్లి దగ్గరి విష్ణుపురం సిమెంటు కర్మాగారం రాశి వారి నుండి 1998లో ఇండియా సిమెంట్స్‌కు, 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ అధీనంలోకి వెళ్ళింది. యాజమాన్యం మారడం తప్పు కాదు. కాని గేటు మీద బోర్డు మారితే లోపలివాడికి నిద్ర పట్టదు. పెద్ద చదువులూ కాపాడవు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి దొంగలెక్కలు ఒప్పుకున్నప్పుడు, ఏ పాపమెరుగని వేలాది ఉద్యోగులు దిక్కుతోచక నిలబడ్డారు.

రెండవ జాన్ పాల్ పోపు గారు యౌవనంలో సున్నపురాయి క్వారీలో పనిచేసినవారు. మేళ్ళచెరువు వైపు వారికి ఆ దుమ్ము సంగతి చెప్పనక్కరలేదు. 1981లో శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో వారు 'పరోక్ష యజమాని' అనే భావన తెచ్చారు. చేతికి డబ్బు ఇచ్చేవాడొక్కడే కాదు, ఆ పని షరతులను వెనుక నుండి నిర్ణయించేవారు కూడా జవాబుదారులే. మన చట్టమూ ఈ దారినే నడిచింది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత ఉన్నది. పని మానినవానికి రెండు పనిదినాలలో బాకీ తీర్చాలి. ఇవ్వకపోతే మూడు సంవత్సరాలలోగా అర్జీ పెట్టుకోవచ్చు.

బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు లేఖ 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. అది మిల్లు యజమానులకే అనుకోవద్దు. మన విచారణలలో వంటమనిషికి, కాపలాదారుకు ఏ తేదీన జీతం ఇస్తున్నాం?

మరుసటి ఆదివారం ఆ యువకుణ్ణి నేనే పిలిపించాను. గేటు పాసులు, బ్యాంకు పుస్తకం తెచ్చాడు. నెలవారీగా రావలసింది కాగితం మీద లెక్కవేసి, ఇద్దరం కూర్చుని కార్మిక శాఖ అధికారికి అర్జీ రాశాం. అందులో కాంట్రాక్టరు పేరుతో పాటు కంపెనీ పేరు కూడా పెట్టాం.