ఇనాము రిజిస్టరులో అల్లుడు

ప్రశ్న: మాది ధర్మవరము ప్రాంతము. 1881 జనాభా లెక్కలలో మా పూర్వుల పేర్లు దొరకునా? 1860ల నాటి దశబంధపు ఇనాము రిజిస్టరు నకలులో వారసుడుగా అల్లుడు కనబడుచున్నాడు; ఆ ఇంట కొడుకులు లేరనుకొనవలెనా?

జవాబు: దొరకవు. నాటి ముద్రిత సంపుటములలో మొత్తములే గాని మనుష్యుల పేర్లు లేవు. 1948 నాటి జనాభా లెక్కల చట్టమును అనుసరించి తరువాతి లెక్కల పత్రములును రహస్యములే. చెరువు కట్టించి, మరమ్మతు చూచుకొనువారి కిచ్చిన దశబంధపు ఇనాములను విచారించి ఇనాము కమిషను వ్రాయించిన ఆ రిజిస్టరే మీకు మిన్న. అనంతపురము 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు గనుక, అంతకు ముందటి కాగితములను బళ్ళారి జిల్లా పేరిట వెదకుడు.

ఇక అల్లుని మాట. కొడుకులు లేరని తొందరపడి తీర్మానింపవలదు. రాయలసీమ రెడ్ల ఇండ్లలో ఇల్లటమునకు (ఇల్లరికమునకు) వచ్చిన అల్లుడు, మామకు పిమ్మట కొడుకు పుట్టినను వానితో సమభాగమునకు అర్హుడగు ఆచారమొకటి కలదు. మద్రాసు హైకోర్టు సైతము దానిని అంగీకరించినది. దత్తుడట్లు గాదు, దత్తుడు జనకుని ఇంట హక్కు కోల్పోవును, ఇల్లటపల్లుడు కోల్పోడు. అందుచేత అతని పేరు రెండు గ్రామముల లెక్కలలో కనబడినచో ఇద్దరు మనుష్యులని భ్రమపడకుడు. మేనరికములు మెండైన సీమ గనుక ఆ అల్లుడు మామకు మేనల్లుడే కావచ్చును. అతని ఇంటిపేరు పట్టుకొని, మామ అక్కచెల్లెండ్ర నిచ్చిన ఊళ్ళ రిజిస్టర్లు గూడ చూడుడు. రిజిస్టరులోని వయస్సుల గడి మాత్రము నమ్మదగినది కాదు. కరణములు నలుబది, ఏబది యని ఉజ్జాయింపుగా వేసినవే ఎక్కువ.