పద్దెనిమిది వేలంటే ఎంత?

పిల్లల సంస్థల్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్లు విజయవాడ రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఇల్లు వదిలి వచ్చేసిన పిల్లల వెంట తిరిగాను. మోకాళ్లు మొరాయించాక ఆఫీసులో కూర్చుని జీతాల రిజిస్టరు పట్టుకున్నాను. రిటైరయ్యాక కోస్తా జిల్లాల్లోని కొన్ని సంస్థలవాళ్లు కలిసి వచ్చారు. "అమ్మా, మా అందరి జీతాలూ, సిబ్బంది లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఎవరం ఎక్కువిస్తున్నామో, ఎవరం తక్కువిస్తున్నామో తేలాలి" అన్నారు. రెండు నెలల పని అనుకున్నాను. ఏడాది పట్టింది. ఆ పని మళ్లీ చేయబోతున్న చిన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. హోదా పేరు చూసి పోల్చకండి.

మొదటి పట్టిక నేను హోదాల ప్రకారమే వేశాను. కోఆర్డినేటర్లందరూ ఒక వరసలో, కేస్ వర్కర్లందరూ ఇంకో వరసలో. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఒక సంస్థ కోఆర్డినేటరుకి ఇంకో సంస్థ కోఆర్డినేటరు జీతంలో సగమే వస్తోందని అందులో తేలింది. నిజమేనా అని ఆ తక్కువ జీతం అమ్మాయితో ఒక రోజంతా తిరిగాను. తెల్లవారుజామున స్టేషన్‌లో ఒక పిల్లాడు దొరికాడు. దొరికిన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతుంది. వాడికి టిఫిను పెట్టించి, పోలీస్ స్టేషన్‌లో రాయించి, ఆసుపత్రిలో చూపించి, బస్సులో సమితి దగ్గరికి తీసుకెళ్లి, సాయంత్రం బాలల గృహంలో అప్పగించి సంతకం తీసుకునేదాకా అన్నీ ఆ అమ్మాయే. అదంతా కేస్ వర్కరు పని. ఎక్కువ జీతం వచ్చే ఆ రెండో కోఆర్డినేటరేమో మూడు జిల్లాల బడ్జెట్లు చూసే మనిషి. పేరొక్కటే, ఉద్యోగాలు వేరు.

ఆ పట్టిక చింపేశాను. ఎవరు పిల్లలతో గడుపుతారు, ఎంతమంది పిల్లలకు జవాబుదారీ, రాత్రి డ్యూటీ ఉందా, పైన పర్యవేక్షించేవాళ్లున్నారా అని అడిగి మళ్లీ మొదలుపెట్టాను.

2. "నెలకి 18,000" అని ఎవరన్నా చెబితే, ఏ 18,000 అని అడగండి.

నా పనిలో సగం కాలం దీనికే పోయింది. మూడు సంస్థలు కౌన్సెలరుకి 18,000 ఇస్తున్నామని రాసిచ్చాయి. కాగితం మీద సమానమే. పే స్లిప్పులు అడిగాను.

మొదటి సంస్థలో 18,000 పూర్తి జీతం. అందులోంచి పీఎఫ్‌కి 1,800, ఈఎస్‌ఐకి 135 పోగా అమ్మాయి చేతికి 16,065 వస్తుంది. సంస్థ తన వాటా పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 585 పైనుంచి వేరేగా కడుతుంది.

రెండో సంస్థలో 18,000 అంటే సీటీసీ, సంస్థకయ్యే మొత్తం ఖర్చు. సంస్థ కట్టాల్సిన 12 శాతం పీఎఫ్, 3.25 శాతం ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టే 4.81 శాతం అన్నీ అందులోనే. అవి తీసేస్తే అసలు జీతం దాదాపు 15,000. అందులోంచి మళ్లీ ఉద్యోగి వాటా పోతే చేతికి 13,087.

మూడో సంస్థలో ఆ అమ్మాయి కన్సల్టెంట్. పది శాతం టీడీఎస్ పోగా 16,200 చేతికొస్తుంది. ముగ్గురిలో ఎక్కువ ఈమెకే! ఎంతో సంతోషంగా చెప్పింది కూడా. పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, గ్రాట్యుటీ లేదు, ప్రసూతి సెలవు లేదు. పొద్దున తొమ్మిదికి వచ్చి హాజరు పట్టీలో సంతకం పెడుతుంది, సెలవు కావాలంటే సూపరింటెండెంటుని అడుగుతుంది. అన్నిటా ఉద్యోగే, కాగితం మీద మాత్రం కాదు. ఆ అమ్మాయికి అప్పుడు ఐదో నెల. ప్రసూతి సెలవు రాదన్న మాట ఆమెకి నేనే చెప్పాల్సి వచ్చింది. నా ఏడాది పనిలో అంత కష్టమైన గంట మరొకటి లేదు.

అందుకే నా పట్టికలో జీతానికి మూడు గళ్లు పెట్టాను: చేతికొచ్చేది, ఆమె పేరున జమయ్యేది, సంస్థకయ్యే మొత్తం ఖర్చు. ఈ మూడూ లేని పోలిక పంపితే తిప్పి పంపేయండి.

3. జీతం పెంచేముందు 21,000 గీత ఎక్కడుందో చూసుకోండి.

2017 జనవరి నుంచి ఈఎస్‌ఐ నెల జీతం పరిమితి 21,000. ఒక గృహంలో హౌస్ మదర్‌కి 20,500 నుంచి 21,500 చేశారు. మంచి మనసుతోనే చేశారు. ఈఎస్‌ఐ చందాకి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల గడువులుంటాయి. ఆ గడువు ముగిశాక ఆమె చందా ఆగింది, కొన్నాళ్లకి కార్డు చెల్లలేదు. ఆమె భర్తకి డయాలసిస్. వెయ్యి రూపాయలు ఇచ్చి ఎంత తీసుకున్నామో ఎవరికీ తట్టలేదు. జీతం పెంచొద్దని నా ఉద్దేశం కాదు. గీత దాటిస్తే ఆరోగ్య బీమా చేతిలో పెట్టి దాటించండి.

4. తలలు లెక్కపెట్టకండి, రాత్రి రెండింటికి ఎంతమంది మేలుకుని ఉన్నారో లెక్కపెట్టండి.

బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన మాదిరి నియమాలు 100 మంది పిల్లలుండే గృహానికి నలుగురు హౌస్ మదర్లనో హౌస్ ఫాదర్లనో సూచించాయి. "మాకు నలుగురూ ఉన్నారమ్మా, నిబంధన ప్రకారమే" అని గర్వంగా చెప్పే సూపరింటెండెంట్లని చూశాను. నలుగురిని మూడు షిఫ్టులకు పంచండి. వారానికి ఒక సెలవు తీసేయండి. జ్వరాలూ పెళ్లిళ్లూ తీసేయండి. ఏ వేళ చూసినా వంద మందికి మిగిలేది ఒక్క మనిషి. ఆ ఒక్కామే పక్క తడిపిన పిల్లాడి దుప్పటి మార్చాలి, పీడకలకి లేచి ఏడ్చే పిల్లని జోకొట్టాలి, గేటు దగ్గర చప్పుడైతే వెళ్లి చూడాలి.

ఇంకో సంస్థలో ఇదే వంద మందికి ఎనిమిది మందిని పెట్టారు. జీతం మాత్రం మిగతా చోట్ల కంటే రెండు వేలు తక్కువ. నా మొదటి పట్టికలో ఈ సంస్థ అట్టడుగున ఉంది. అక్కడి ఆయమ్మలని అడిగితే, "రెండు వేలు తక్కువైనా నిద్రపోతున్నామండీ" అన్నారు. జీతాన్నీ సిబ్బంది సంఖ్యనీ విడివిడి పట్టికల్లో పెడితే ఈ మాట ఎక్కడా కనపడదు. ఒకే వరసలో పెట్టండి.

అక్కడే ఉండి పనిచేసే తల్లుల సంగతి కూడా ఇలాగే. ఎస్‌ఓఎస్ బాలగ్రామాల పద్ధతిలో అమ్మ పిల్లలతోపాటే ఇంట్లో ఉంటుంది. తిండీ బసా కలుస్తాయి, నిజమే. కానీ "తిండీ బసా ఇస్తున్నాం కదా" అని జీతం తగ్గించేవాళ్లు ఆమె ఇరవై నాలుగు గంటలూ డ్యూటీలో ఉందన్న సంగతి మర్చిపోతారు. రెండూ రాయండి.

5. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అడగండి.

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆసుపత్రి డాక్టరు జీతం, బడి టీచరు జీతం పరిపాలన కిందికి రావని నియమాలే చెబుతాయి. అకౌంటెంటు, పైనుండి చూసుకునే సూపర్‌వైజరు మాత్రం వస్తారు. దాంతో చాలా చోట్ల మొదట పోయింది వీళ్లే. పిల్లలకు దగ్గరగా ఉన్నవాళ్లు మిగిలారులే అని ఊరటపడకండి. సూపర్‌వైజరు లేని కేస్ వర్కరు తన భయాలు ఎవరితో చెప్పుకుంటుంది? అదే సవరణ ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకి ఇవ్వకూడదంది. పెద్ద సంస్థ నీడన బతికిన పల్లెటూరి చిన్న సంస్థలకి జీతాల దారి అక్కడే మూసుకుపోయింది. వాటిని మీ పోలికలో "తక్కువిచ్చేవాళ్లు" అని రాసేముందు ఒక్క నిమిషం ఆగండి.

6. అంగన్‌వాడీ జీతాన్ని కొలబద్దగా వాడనివ్వకండి.

"అంగన్‌వాడీ టీచరుకే అంత తక్కువ వస్తుంటే మా క్రెష్ టీచరుకి ఇంకెంతివ్వాలి?" కమిటీ సమావేశాల్లో ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరు నుంచి 4,500. ఆంధ్రప్రదేశ్ దానికి అదనంగా కలిపి 2019లో 11,500 చేసింది. అది చాలదనే కదా 2023 డిసెంబరులో వాళ్లు సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంది! 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని తేల్చింది. పేరు గౌరవ వేతనమైనా చేసేది ఉద్యోగమేనని ఒప్పుకున్నట్టే. ఒకచోట జరిగిన అన్యాయాన్ని ఇంకోచోట ధరగా పెట్టకూడదు.

7. సర్వీసు సంస్థది కాదు, మనిషిది.

1996లో ముంబైలో మొదలైన 1098 పిల్లల హెల్ప్‌లైను 2023లో స్వచ్ఛంద సంస్థల చేతినుంచి జిల్లా బాలల రక్షణ విభాగాలకు మారింది. అప్పటిదాకా స్టేషన్లలో, బస్టాండుల్లో తిరిగినవాళ్లు వేరే సంస్థల్లో చేరితే చాలామందిని "ఫ్రెషర్" గీతలో కూర్చోబెట్టారు. పన్నెండేళ్ల అనుభవానికి ఒక్క ఇంక్రిమెంటు లేదు. పదకొండు నెలల కాంట్రాక్టులు మార్చి మార్చి రాసినా అంతే. మొత్తం ఎన్నేళ్లు పిల్లలతో ఉన్నారో అడిగి, ఆ గడి వేరేగా పెట్టండి.

8. జీతం మాట వచ్చినప్పుడు "సేవాభావం" అన్న మాట వాడకండి.

ఈ తప్పు నేను చేశాను. ఒక కౌన్సెలరు, ఇరవై ఆరేళ్ల పిల్ల, రెండు వేలు పెంచమని అడిగింది. "మనం సేవ కోసం వచ్చాం కదమ్మా" అన్నాను. తల ఊపింది. మూడు వారాలకి రాజీనామా ఇచ్చింది. ఆమె దగ్గర మాట్లాడే పిల్లలు పదకొండు మంది. సేవాభావం లేకపోతే అసలు ఆ పనికే రాదు. ఉందని రుజువు చేసుకోమని ఆమె జీతంలోంచి కోయడానికి నేనెవర్ని?

9. చివరగా ఒక పిల్ల ఫైలు తెరవండి.

సిబ్బంది ఎంత త్వరగా మారిపోతున్నారని అడిగితే సంస్థలు తలో లెక్క చెప్పాయి. ఒకరు కాంట్రాక్టు వాళ్లని కలపరు, ఒకరు ఏడాది లోపు వెళ్లినవాళ్లని కలపరు. సమితి అనుమతితో, సూపరింటెండెంటు పక్కనుండగా, పేర్లు రాసుకోకుండా కొన్ని పాత ఫైళ్లు చదివాను. జీతం అందరికంటే తక్కువున్న ఒక గృహంలో ఓ పాప ఫైలు. మూడేళ్లలో ఐదు దస్తూరీలు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటి నుంచి అడిగారు: మీ ఇంట్లో ఎవరెవరుంటారు, ఎందుకు వచ్చేశావు.

మొదటి దస్తూరీలో ఒకటిన్నర పేజీ ఉంది. అమ్మ, తమ్ముడు, మేక, పెదనాన్న, ఆ రాత్రి. రెండోదానిలో అరపేజీ. మూడోదానిలో నాలుగు వరసలు. నాలుగోదానిలో, "ముందు వచ్చిన అక్కకి చెప్పానని అంటోంది." ఐదోదానిలో ఒకటే వాక్యం: "పాప మాట్లాడడానికి ఇష్టపడలేదు."

ఊరూ పేరూ ఏదీ తెలియకుండా ఆ ఐదు దస్తూరీల మాటలూ ఒక కాగితం మీద రాసి, నివేదికలో జీతాల పట్టికకి ముందు మొదటి పేజీగా పెట్టాను. సమావేశంలో ఆ పేజీ దగ్గరే గంటన్నర గడిచింది.