ఇంటి వైఫై: తాళం మార్చాలా, వద్దా?

శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి. మన ఇంటి వైఫై పక్క ఇళ్లకూ అందుతుంది. పక్కింటి పిల్లవాడు వచ్చి "పిన్నీ, పాస్‌వర్డు చెప్పవా" అంటే కాదనలేం. వారం తిరిగేసరికి అది వీధంతా తెలిసిపోతుంది. పొరుగువారి హక్కు గొప్పదే. కానీ ఆ తీగ మన పేరున ఉంది.

2008 జూలై 26న అహ్మదాబాదులో పేలుళ్లు జరిగాయి. వాటికి కాస్త ముందు వార్తా సంస్థలకు చేరిన ఈమెయిలు నవీ ముంబయిలోని ఒక అమెరికా పౌరుని ఇంటి వైఫై ద్వారా వెళ్లిందని పోలీసులు కనుగొన్నారు. దానికి సరైన రక్షణ లేదు. పోలీసులు ముందుగా ప్రశ్నించింది ఆయననే. ఆయనకు సంబంధం లేదని తర్వాత తేలింది. మన ఇళ్లలో ఎవరికైనా అలాంటి రోజు వస్తే ఎంత వేదనో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకూ మార్చాల్సింది ఏమిటి? ముందు పెట్టె సెట్టింగుల్లో భద్రత అన్నచోట ఏముందో చూడండి. ఏమీ లేకున్నా, డబ్ల్యూఈపీ అని ఉన్నా ఈరోజే మార్చండి. దాని లోపం 2001లోనే బయటపడింది. ఉత్త డబ్ల్యూపీఏ అని ఉన్నా అంతే. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌తో ఉంటే కంగారు లేదు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. తేడా ఇదీ: డబ్ల్యూపీఏ2లో మన ఫోను కలిసే క్షణంలోని సంకేతాలను ఒకడు పట్టుకుంటే, ఇంటికి పోయి తీరిగ్గా కంప్యూటరుతో పాస్‌వర్డులు ఊహించుకోవచ్చు. డబ్ల్యూపీఏ3లో ఆ వీలు లేదు, ప్రతి ఊహకూ మన పెట్టెనే అడగాలి.

అలాగని దీనికోసమే కొత్త పెట్టె కొనమని నేను చెప్పను. మనవాళ్లలో చాలామంది తమ సెల్ నంబరునే పాస్‌వర్డుగా పెడతారు. మన దేశంలో సెల్ నంబరు 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుంది, మొత్తం పది అంకెలు. అంటే 400 కోట్ల ఊహలు. మనిషికి అసాధ్యం, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకు కొన్ని గంటల పని. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. పాత పెట్టెకైనా అదే పెద్ద బలం. డబ్ల్యూపీఎస్ అనే మీటను ఆపేయండి. దాని 8 అంకెల పిన్నును రెండు ముక్కలుగా సరిచూస్తుంది కనుక 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో తేలింది.

మీ పెట్టెలో డబ్ల్యూపీఏ3 ఉంటే, రెండూ కలిసిన పద్ధతి ఎంచుకోండి. ఒక్క 3నే పెడితే నానమ్మ పాత ఫోను, గోడ మీది కెమెరా కలవకపోవచ్చు. పొరుగువారికి అతిథి నెట్‌వర్కు విడిగా పెట్టి, దాని పాస్‌వర్డు అప్పుడప్పుడు మార్చండి. అయితే తీగ మన పేరునే ఉంటుంది కనుక, తెలిసినవారికే ఇవ్వండి. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్లలో ప్రవేశించవద్దని సూరె నూర్ 27వ ఆయతు బోధిస్తుంది. ఎదుటివారి నెట్ అడగకుండా వాడుకునే మన పిల్లలకూ ఇది గుర్తుచేయాలి.

పాస్‌వర్డు మార్చగానే టీవీ, ఫోన్లు అన్నీ తెగిపోతాయి, ఒక్కోదానిలో మళ్లీ కొట్టాలి. పిల్లల పరీక్షల ముందురోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.