పాట పద్ధతి మారితే: సందేహాలు - సమాధానాలు

ఒక పద్ధతిలో పుట్టిన పాటను ఇంకో పద్ధతిలో పాడితే మనసు ఎందుకు కదులుతుంది, ఎప్పుడు విసుగు పుడుతుంది? కృష్ణా డెల్టా పాఠకులు ఈ విషయం మీద రాసిన ఉత్తరాల్లో అయిదింటికి ఇవి జవాబులు.

మా తాతయ్య పౌరాణిక నాటకాల మనిషి. ఘంటసాల పద్యం వినిపిస్తే "ఇది పద్యమటే? పాట!" అంటారు. నాకేమో 'పుష్పవిలాపం' విన్నప్పుడల్లా కళ్లు చెమరుస్తాయి. స్టేజీ పద్యానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ ఏడుపు రాదు. ఎవరి మాట సరైనది?
*- ఒక పాఠకురాలు, నాగాయలంక*

మీ ఇద్దరి మాటా సరైనదేనమ్మా. స్టేజీ పద్యం పందిరి చివర కూర్చున్నవాడికి కూడా అందాలి. అందుకే పై శ్రుతి, పక్కన హార్మోనియం, పాదం చివర సాగే రాగం. రాయబారంలో కృష్ణుడు నిండు సభలో మాట్లాడుతున్నాడు కాబట్టి ఆ గొంతు అక్కడ అతికిపోతుంది. జనం వన్స్‌మోర్ కొట్టేది ఆ రాగానికే.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల విజయనగరంలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నవారు. రాగం తీయలేక తగ్గించలేదు. ఎదురుగా మైకు ఉంది, అరవాల్సిన పని లేదు. ఆలాపనను కురచ చేసి, పద్యాన్ని అర్థం ఎక్కడ ఆగితే అక్కడ విరిచారు. కరుణశ్రీ రాసిన 'పుష్పవిలాపం'లో మాట్లాడేవి పూజకు కోయబోయిన పూలు. పూలు సభను ఉద్దేశించి ఉపన్యసించవు, కోసేవాడి చెవిలో మొరపెట్టుకుంటాయి. ఆ మొరకు తగ్గు గొంతే సరిపోయింది.

దాని కోసం వదులుకున్నది రాగ విస్తారం. తాతయ్యగారి బాధ అదే, అందులో న్యాయముంది. తిరుపతి వేంకట కవుల రాయబార పద్యాలను పీసపాటి నరసింహమూర్తి గారో, షణ్ముఖి ఆంజనేయరాజు గారో పాడగా వినండి. ఆ తర్వాత అవే పద్యాలను 1967 నాటి 'శ్రీకృష్ణావతారం' సినిమాలో ఘంటసాల గొంతులో వినండి. ఇద్దరూ కలిసి వింటే మరీ మంచిది.

'వివాహ భోజనంబు' ఇంగ్లీషు రికార్డుకు కాపీ అని మా అబ్బాయి అంటున్నాడు. ఆ పాట మీద ఉన్న ప్రేమంతా పోయేలా ఉంది. నిజమేనా?
*- ఒక పాఠకుడు, బందరు*

దాని వెనక ఇంగ్లీషు రికార్డు ఉన్నమాట నిజమే. 1890లలో జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు అమెరికాలో నవ్వుల పాట ఒకటి రికార్డు చేశాడు. ఆ బాణీతో చార్లెస్ పెన్రోజ్ 1922లో ఇంగ్లండులో 'ది లాఫింగ్ పోలీస్‌మన్' పాడాడు. 1940లలో నాగరాజకుమారి 'జానకీ శపథం' హరికథలోకి ఆ నవ్వు వచ్చింది. అక్కడి నుంచి సురభి నాటకానికి, సురభి నుంచి 1957లో 'మాయాబజార్'కి చేరింది.

ఇంగ్లీషు పాటలో నవ్వు ఆపుకోలేని పోలీసును చూసి మనం నవ్వుతాం. ఘటోత్కచుణ్ణి చూసి నవ్వం, అతనితో కలిసి నవ్వుతాం. అంత భారీ మనిషి విస్తరి ముందు పసివాడైపోతాడు. ఆ పసితనం మాధవపెద్ది సత్యం గొంతుది, ఎస్.వి. రంగారావు ముఖానిది, బందరు జాతీయ కళాశాలలో చదువుకున్న మీ ఊరి పింగళి నాగేంద్రరావు మాటలది. బాణీని తెచ్చుకున్నారు గానీ భావాన్ని ఇక్కడే పుట్టించారు. మీ ప్రేమ ఎక్కడికీ పోనక్కర్లేదు.

క్షేత్రయ్య పదాన్ని గిటారు, డ్రమ్స్ పెట్టి పాడితే విన్నాను. మా ఊరి మువ్వగోపాలుడికి అవమానం అనిపించింది. ఇలాంటివి ఆపలేమా?
*- ఒక నాట్య విద్యార్థిని తల్లి, మొవ్వ*

ఆపాల్సింది గిటారును కాదండీ, తొందరను. క్షేత్రయ్య పదం పుట్టినచోటే ఉండిపోలేదు. 17వ శతాబ్దంలో తంజావూరు నాయక రాజు విజయరాఘవుడి కొలువుకెక్కింది. దేవదాసీల అభినయంలో బతికింది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట్లో కచేరీ సంగీతమైంది. ఆమె మనవరాళ్లలో బృంద, ముక్త పాడితే, బాలసరస్వతి అభినయించింది. మన తెలుగు పదాన్ని తరాల తరబడి కాపాడిన ఆ ఇంటివారు తమిళనాట ఉన్నవారు. ఇన్ని చేతులు మారినా మారనిది ఒకటుంది: నెమ్మది.

పదంలో నాయిక ఒకే మాటను ఒకసారి అలిగి అంటుంది, ఒకసారి వేడుకుంటుంది, ఇంకోసారి దెప్పుతుంది. అలా తిప్పి తిప్పి అనడానికి చోటిచ్చేది విలంబ కాలమే. డ్రమ్స్ వేగం పెంచితే మూడు భావాల్లో ఒక్కటే మిగులుతుంది. మీకు గుచ్చుకున్నది ఇదే కావచ్చు. త్యాగరాజు 'మనవ్యాలకించరాదటే' సంగతి వేరు. దాని నడకలోనే చురుకుంది. బెంగళూరు బ్యాండ్ 'అగమ్' దాన్ని రాక్ వాయిద్యాలతో వాయిస్తే అతికింది. గిటారు తీగ మీద గమకం పలుకుతుంది. అది నాయికను తొందరపెట్టకుండా ఉంటే మువ్వగోపాలుడికి అభ్యంతరం ఉండదు.

పెళ్లి ఊరేగింపులో సన్నాయి మీద పాత సినిమా పాట వాయించారు. అప్పగింతల పాట కాదు, హుషారు పాటే. మాటలు కూడా లేవు. అయినా గొంతు పట్టేసింది. వాయిద్యం మహిమా, నా వయసు మహిమా?
*- ఒక రిటైర్డ్ టీచరు, గుడివాడ*

రెండూనండీ. సన్నాయి మాటలు తీసేసింది కాబట్టి వాటిని మీరే లోపల పాడుకున్నారు. పైగా సినిమా పాటలోని వయొలిన్ల గుంపు, కోరస్ పోయి, శ్రుతి మీద ఒంటరిగా బాణీ నిలబడింది. స్వరానికీ స్వరానికీ మధ్య సన్నాయి గొంతులాగే జారుతుంది. హుషారు పాటలో దాగిన రాగం అప్పుడు బయటపడుతుంది. రాగానికి హుషారూ తెలుసు, దిగులూ తెలుసు.

అయితే పాట ముందే తెలిసి ఉండాలి. తెలియని పాట వాయిస్తే బాగుందనుకుని ఊరుకునేవారు. మీరు ఆ సాయంత్రం రెండు పాటలు విన్నారు: వాయిస్తున్నది ఒకటి, జ్ఞాపకంలో ఉన్నది ఒకటి. ఆ రెంటి మధ్య గడిచిన కాలం మీ గొంతు పట్టేసింది.

ఆర్కెస్ట్రాలో పాడతాను. 'మాయాబజార్' పాట ఒకటి ఒంటి గిటారుతో బాగా నెమ్మదిగా రికార్డు చేసి విడుదల చేయాలని ఉంది. బాగుంటుందా? అనుమతి కావాలా?
*- ఒక యువ గాయకుడు, అవనిగడ్డ*

మొదటిది మీ మీద ఆధారపడుతుంది. నెమ్మది చేసిన ప్రతి పాటా లోతుగా ఉండదు. 'హర్ట్' అనే పాటను నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ 1994లో పాడినప్పుడు అది ఒక కుర్రవాడు తనను తాను గాయపరచుకునే పాట. జానీ క్యాష్ డెబ్బై ఏళ్ల వయసులో, 2002లో, గిటారు, పియానోలతో పాడితే జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకునే పాటైంది. మన దగ్గర 'మీరజాలగలడా' ఉంది. స్టేజీ మీద సత్యభామ వేషంలో స్థానం నరసింహారావు గారు, 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీల గారు పాడారు. మగవాడు ఆడదై అభినయించిన గర్వం ఒక రకం, ఆడగొంతులో పలికిన గర్వం ఇంకో రకం. పాడేవాళ్లు మారినందువల్ల అర్థం మారింది, గిటారు వల్ల కాదు. ఆ పాటలో మీరు మాత్రమే చెప్పగలిగింది ఏముందో ముందు తేల్చుకోండి.

ఇక అనుమతి కచ్చితంగా కావాలి. సాహిత్యానికీ సంగీతానికీ హక్కు రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు కాబట్టి ఆయన మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది తర్వాత అయిదు క్యాలెండరు ఏళ్లు గడిస్తే, నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందుగా కట్టి కవర్ చేసుకోవచ్చని కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ చెబుతుంది. కానీ ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలి. పైగా హక్కుదారు ఒప్పుకోని మార్పులు, సాంకేతికంగా తప్పనివి తప్ప, చేయకూడదు. మీరు తలపెట్టింది సరిగ్గా అలాంటి మార్పే. కాబట్టి 31సి జోలికి పోకుండా సాహిత్యం, సంగీతం హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని నేరుగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. అడిగేటప్పుడు మీ నమూనా రికార్డింగు జత చేస్తే ఏం మారుస్తున్నారో వాళ్లకు తెలుస్తుంది. ఈలోగా పెళ్లి ఊరేగింపుల్లో పాడుకోవచ్చు, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది.